“గుండె నాగనిండు” — ఈ మాట కర్థమేమి?

కామాటిపుర సందులలోను, వర్లీ చాళ్లలోను పెద్దవారికి జబ్బు చేసినపుడు, ఆసుపత్రి కాగితములు చదివి చెప్పువారు తరచుగా చదువుకొను పిల్లలే. డాక్టరు మరాఠీలోనో, ఇంగ్లీషులోనో చెప్పిన మాటను తాతకు, నాయనమ్మకు తెలుగులో వినిపించువారును వారే. అట్టి మాటలలో మిక్కిలి బరువైన దొకటి కలదు. గుండె ఆగినచో దానిని మరల నడిపింప యత్నింపవలదను నిర్ణయమది. ఆసుపత్రులలో దీనిని ‘డి.ఎన్.ఆర్.’ అందురు. దీని యర్థము తెలియక చెప్పినచో కుటుంబమంతయు పొరబడును.

గుండె ఆగినపుడు రొమ్ము నడుమ నిమిషమునకు 100 మొదలు 120 మారులు గట్టిగా నొక్కుదురు. కృత్రిమముగా ఊపిరి నిత్తురు. అవసరమైనచో విద్యుత్తు షాకు నిత్తురు. రొమ్ము నొక్కు ఈ పద్ధతిని 1960లో అమెరికాలోని బాల్టిమోర్ పరిశోధకులు లోకమునకు వెల్లడించిరి. అకస్మాత్తుగా గుండె ఆగినవానికి ఇది ప్రాణదానము కావచ్చును. కాని దీర్ఘవ్యాధి కడపటి దశలోనున్న వృద్ధునకు ప్రక్కటెముకలు విరుగవచ్చును గాని, ప్రాణము నిలుచుట అరుదు.

వలదనుట యనగా ఈ యొక్క యత్నమును మానుట మాత్రమే. నొప్పికి మందు, ఇతర చికిత్స, శుశ్రూష జరుగుచునే యుండవలయును. భారత వైద్య పరిశోధనా మండలి 2020లో వెలువరించిన మార్గదర్శకముల సారమును ఇదియే.

కళాశాల విద్యార్థులు దీనిని చర్చించినపుడు కొందరు “కడ ఊపిరి వరకు పోరాడుటయే బిడ్డల ధర్మ”మనవచ్చును. మరికొందరు “బాధను పొడిగించుట ధర్మము కాదు” అనవచ్చును. ఇరువురి మాటయందును ప్రేమ కలదు. కాని ఇరువురును ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: రోగి యేమి కోరెను?

పరేలులోని కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ 1973లో దాడికి గురియై, మెదడు దెబ్బతిని, 2015లో మరణించు వరకు అచ్చటనే మంచముపై నుండెను. ఆమె ఊపిరి తనంతట నడచుచుండెను. కనుక అచ్చటి ప్రశ్న గుండె నొక్కుట కాదు, ఆహార మాపవచ్చునా యనునది. ఆపవలయునని రచయిత్రి పింకీ విరానీ సుప్రీంకోర్టు నాశ్రయించెను. కన్నబిడ్డవలె సాకిన ఆసుపత్రి నర్సులు వలదనిరి. 2011లో కోర్టు అనుమతి నీయలేదు. ఇరుపక్షములును ఆమె మేలే కోరినవి. ఆమె మాత్రము తన మాట చెప్పుకొనలేకపోయెను.

2018 మార్చి 9న సుప్రీంకోర్టు, గౌరవముతో మరణించుట జీవించు హక్కులో భాగమని చెప్పి, వయోజనులు తమ కోరికను ముందుగనే వ్రాసియుంచవచ్చు ననెను. 2023లో ఆ పద్ధతిని సులభము చేసెను. ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీచేత గాని గెజిటెడ్ అధికారిచేత గాని ధ్రువపరపించిన చాలును. ఆ పత్రము ననుసరించి ప్రాణాధార చికిత్స నాపుటకు రెండు వైద్య బోర్డుల సమ్మతి కావలయును.

విద్యార్థులారా! డాక్టరు మాటను తెలుగులో చెప్పునపుడు మీ భయమును గాని, మీ యభిప్రాయమును గాని అందు కలుపకుడు. తెలియని మాటను మరల అడుగుడు. నిర్ణయము మీది కాదు. ఉన్నమాట చేరవేయుటయే మీ పని.

తల్లిదండ్రులారా! చావు మాట అశుభమని పిల్లల నోరు మూయింపకుడు. ఆరోగ్యముగ నున్నపుడే మీ మనసు విప్పి చెప్పుడు. పెద్దల కోరిక తెలియని బిడ్డ, ఆసుపత్రి గుమ్మమున నిలిచి ఊహించి చెప్పవలసి వచ్చును. ఆ ఊహ సరియైనదో కాదో యను చింత జన్మమంతయు మోయవలసి వచ్చును.