గేటు పాసు అక్కర్లేని కొలువు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ క్యాంప్ 1లో కొలువంటే ఉక్కు ప్లాంటే. పర్మినెంటైతే సంబరం, ఠేకా (కాంట్రాక్టు) అయితే సర్దుబాటు. ఇప్పుడు మూడో దారి గురించి ఇంటింటా మాట వినిపిస్తోంది. ఇంట్లో ఉండే ప్రోగ్రామింగ్ నేర్చుకుని, దాంతోనే సొంతంగా బతకడం. ఆ దారిలో నిజంగా ఏముంది? ఎంత దూరం నడవాలి?

విజయనగరంలో రైలెక్కి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ దాటి రాయ్‌పూర్ మీదుగా భిలాయ్ చేరడం ఉత్తరాంధ్ర పల్లెలకు తరాలుగా అలవాటైన ప్రయాణం. ఉక్కు కర్మాగారం కోసం 1955లో భారత్, సోవియట్ యూనియన్ ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ మధ్య కాలంలో పునాదులు తవ్వడానికీ, కాంక్రీటు మోయడానికీ వచ్చినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. కూలీల కోసం వేసిన క్యాంపులే తర్వాత క్యాంప్ 1, క్యాంప్ 2 అనే పేర్లతో ఊళ్లయ్యాయి.

ప్లాంటులో పర్మినెంటు అయినవాడికి జీతంతోపాటు క్వార్టరు వచ్చింది. జబ్బు చేస్తే సెక్టార్ 9 ఆసుపత్రి, పిల్లలకు బడి, రిటైరయ్యాక పీఎఫ్, గ్రాట్యుటీ. ఆ కొలువులు ఏటేటా తగ్గుతూ వచ్చాయి. వాటి చోట ఠేకా పనులు పెరిగాయి. బతకడానికి చాలే కూలి కోసం, పనిలోంచి తీసేసినవాళ్ల కోసం ఈ ఊరు పెద్ద పోరాటమే చూసింది. కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న హత్యకు గురయ్యారు. 1992 జూలై 1న పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్న ప్రైవేటు కర్మాగారాల కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా చనిపోయారు.

ఇంత చూసిన ఊళ్లో ‘యజమాని లేని సంపాదన’ అనే మాట తియ్యగా వినిపించడంలో వింత లేదు. అయితే యజమాని లేడంటే, అతను చేయాల్సినవన్నీ మన నెత్తినే పడతాయని అర్థం. పని వెతకాలి, ధర చెప్పాలి, బాకీ వసూలు చేయాలి. పీఎఫ్ లాంటిది మనమే దాచుకోవాలి. కోడ్ రాయడం ఇందులో ఒక భాగం మాత్రమే.

భోజనాల బల్ల మీద పుట్టిన కంపెనీ

ఇంటి నుంచి ప్రోగ్రామింగ్ అన్నది కరోనా తెచ్చిన అలవాటని అనుకుంటాం. కానీ భిలాయ్‌లో మొదటి ఫర్నేస్ వెలిగిన మూడేళ్లకే, 1962లో, బ్రిటన్‌లో స్టెఫనీ షర్లీ ‘ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్’ అనే సంస్థ పెట్టారు. ఆమె 1933లో జర్మనీలో పుట్టారు. నాజీల బారి నుంచి తప్పించడానికి తల్లిదండ్రులు 1939లో ఆమెను బ్రిటన్ పంపేశారు. సంస్థకు పెట్టుబడి ఆరు పౌండ్లు, ఆఫీసు ఇంట్లోని భోజనాల బల్ల. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానుకోవాల్సి వచ్చిన మహిళా ప్రోగ్రామర్లకు ఆమె ఇంటికే పని ఇచ్చారు. వాళ్లు పెన్సిలుతో కాగితం మీద కోడ్ రాసి పోస్టులో పంపేవారు.

ఆడపేరుతో రాసిన ఉత్తరాలకు జవాబులు రాకపోతే ‘స్టీవ్’ అని సంతకం పెట్టారు. ఫోన్లో పిల్లల అల్లరి వినబడకుండా టైపు మిషన్ చప్పుడు రికార్డు చేసి వెనక పెట్టేవారు. కాంకార్డ్ విమానం బ్లాక్‌బాక్స్ ప్రోగ్రామింగ్ ఈ ఇళ్లలోనే జరిగింది. మొదటి మూడు వందల మంది సిబ్బందిలో మగవాళ్లు ముగ్గురే. షర్లీ 2025లో కన్నుమూశారు.

ఆమె కథలో క్యాంప్ 1కి పనికొచ్చే సంగతులు రెండున్నాయి. ఇంట్లో ఎన్ని గంటలు పనిచేశారో ఖాతాదారుకు కనబడదు కాబట్టి ఆమె మొత్తం పనికి ఒకే ధర చెప్పేవారు. రెండోది, ఆ మహిళలకు అంతకుముందే పని వచ్చు. కంపెనీల్లో నేర్చుకుని ఇంటికి తెచ్చుకున్నారు. మన పిల్లలు ఇంట్లోనే నేర్చుకుని ఇంట్లోనే సంపాదించాలనుకుంటున్నారు. ఇది ఇంకా కష్టమైన పని.

మొదటి ఖాతాదారు పక్క వీధిలోనే

ప్రోగ్రామింగ్ కాస్త వంటబట్టగానే కుర్రాళ్లు అప్‌వర్క్, ఫైవర్ లాంటి ఆన్‌లైన్ ఫ్రీలాన్స్ వేదికల్లో పేరు నమోదు చేసుకుని అమెరికా ఖాతాదారు కోసం ఎదురుచూస్తారు. అక్కడ ప్రపంచమంతా పోటీ. మంచి రేటింగులు, పాత పనుల జాబితా లేనివాడికి తలుపు తెరుచుకోవడం కష్టం. వేదిక కూడా కొంత కోసుకుంటుంది. పైగా అమెరికావాళ్ల పగలు మనకు రాత్రి. ప్లాంటు వద్దనుకుంటే నైట్ షిఫ్టు ఇంటికే వచ్చిందన్నమాట.

క్యాంప్ 1 పిల్లలకు బెంగళూరు ఇంజినీరుకు లేని ఆస్తి ఒకటుంది. ఠేకా లోకం వాళ్లకు లోపలి నుంచి తెలుసు. ఠేకేదారు హాజరీ రిజిస్టరు ఎలా ఉంటుందో, ఏ రోజు నాగా పడిందో, జీతం ఎక్కడ తెగుతుందో వాళ్లింట్లో రోజూ నడిచే మాటే. దీన్ని ప్రోగ్రాముగా మార్చితే ఎంత పనవుతుందో చూడండి.

పీఎఫ్ వర్తించే ప్రతి ఠేకేదారూ నెలనెలా, మరుసటి నెల 15వ తేదీలోగా, ఈసీఆర్ అనే లెక్క పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో పెట్టాలి. అది మామూలు టెక్స్ట్ ఫైలు. మనిషికొక వరుస, వరుసకు పదకొండు గడులు. కార్మికుడి పీఎఫ్ గుర్తింపు సంఖ్య యూఏఎన్, పేరు, రకరకాల జీతం లెక్కలు, జీతం పడని రోజులు, ఇలా సాగుతుంది. గడికీ గడికీ మధ్య హాష్, టిల్డా, హాష్ గుర్తులు. మామూలుగా కార్మికుడి వాటా 12 శాతం. యజమాని 12 శాతంలోంచి 8.33 శాతం పెన్షన్‌కు పోతుంది. హాజరీ ఉన్న ఎక్సెల్ ఫైలు తీసుకుని ఈ ఫైలు తయారుచేసే పైథాన్ ప్రోగ్రాము వంద వరుసల్లోపే రాయొచ్చు. చేత్తో చేస్తే రోజంతా పట్టే పని క్షణాల్లో అవుతుంది, తప్పులు తగ్గుతాయి.

నందినీ రోడ్డు వైపు ఫ్యాబ్రికేషన్ షెడ్లున్నాయి. ఏ జాబుకు ఎంత ప్లేటు కోశారు, ఎంత తుక్కు మిగిలింది అన్న లెక్క కావాలి వాళ్లకు. కోచింగ్ సెంటర్లకు ఫీజు బాకీల జాబితా కావాలి. పవర్‌హౌస్ బజారు దుకాణాలకు సరుకు నిల్వ లెక్క కావాలి. వీళ్లతో హిందీలో మాట్లాడి, సందు చివర నిలబడి సందేహం తీర్చేవాడు ఏ వేదిక మీదా దొరకడు. ఇలాంటి మూడు నాలుగు పనులు నిలబడ్డాక బయటి ఖాతాదారు వైపు చూడొచ్చు.

ఏం నేర్చుకోవాలి? ఎక్కడ?

వెబ్‌సైట్లు చేయాలనుకుంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్. లెక్కలు, ఫైళ్ల పనులకు పైథాన్. ఏది పట్టుకున్నా డేటాబేసు కోసం ఎస్‌క్యూఎల్ కావాలి. మొదట ఒకటే దారి ఎంచుకోండి. నెలకో భాష మారిస్తే ఏదీ చేతికి రాదు.

నేర్చుకోవడానికి వేలకు వేలు ఫీజు కట్టనక్కర్లేదు. ఫ్రీకోడ్‌క్యాంప్ 2014 నుంచి ఉచితంగా నేర్పుతోంది. ఐఐటీల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో, స్వయం పోర్టల్‌లో ఉన్నాయి. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్స్ కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో హిందీ చదివిన పిల్లలు ఏ భాషలో అర్థమైతే ఆ భాషలో వినొచ్చు. కానీ కోడ్‌లో వచ్చే తప్పుల సందేశాలు ఇంగ్లిషులోనే ఉంటాయి. వాటిని చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లిషు తప్పదు.

వీడియోలు చూసినంత మాత్రాన పని రాదు. ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకునేవాడు చేసిన అతుకును మాస్టారు విరగ్గొట్టి లోపల పట్టిందా లేదా చూస్తాడు. కోడ్‌కీ అలాంటి పరీక్షే పెట్టాలి. ఖాళీ గడి ఇస్తే ప్రోగ్రాము ఏమవుతుంది? ఒకే పేరు రెండుసార్లు వస్తే? ఫైలు సగంలో ఆగిపోతే? వీటికి తట్టుకున్నదే అమ్మకానికి పనికొస్తుంది. రాసినవన్నీ గిట్‌హబ్‌లో పెడితే, సర్టిఫికెట్ల కంటే అవే ఎక్కువ మాట్లాడతాయి.

ఫోన్ మీద పాఠాలు వినొచ్చుగానీ పని చేయలేం. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మొదలుపెట్టడానికి చాలు. లైనక్స్, వీఎస్ కోడ్ ఉచితం.

రెండు గదుల ఇంట్లో ఆఫీసు

నైట్ షిఫ్టు చేసొచ్చిన నాన్న పగలు నిద్రపోతుంటే అదే గదిలో ఖాతాదారుతో గట్టిగా మాట్లాడలేం. ‘ఇంట్లోనే ఉంది కదా’ అని అమ్మాయికి వంట, చంటిపిల్లాడు, గ్యాసు బండ అన్నీ అప్పజెప్పితే ఆమె కోడ్ ముందుకు కదలదు. రోజుకు నాలుగు గంటలు కదిలించకూడదని ఇంట్లో ఒక ఒప్పందం ఉండాలి. ఈ ఇళ్లకు షిఫ్టు అంటే తెలుసు. అమ్మాయి పనివేళనూ షిఫ్టుగానే లెక్కేయాలి.

డబ్బు విషయంలో మాట కంటే కాగితం ముఖ్యం. ఏం చేస్తాం, ఎప్పటికిస్తాం, ఎన్నిసార్లు మార్పులు చేస్తాం అన్నది ఒక పేజీలో రాసుకుని కొంత ముందే తీసుకోవాలి. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, వరుస సంఖ్యలున్న బిల్లులు మొదటి రోజు నుంచే ఉండాలి. సేవల మీద ఏడాది ఆదాయం 20 లక్షల రూపాయల లోపైతే సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. ఆదాయపు పన్ను లెక్క మాత్రం వేరు. వచ్చిన ప్రతి బిల్లులోంచి కొంత తీసి పీపీఎఫ్‌లోనో ఎన్‌పీఎస్‌లోనో వేయాలి. ఆరోగ్య బీమా తీసుకోవాలి. సెక్టార్ 9 ఆసుపత్రి కార్డు ఈ కొలువుకు రాదు.

మోసాలు, ఏఐ

‘ఇంట్లోనే డేటా ఎంట్రీ, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అనే ప్రకటనలకు దూరంగా ఉండండి. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడుగానీ అడగడు. కొందరు ముందు డబ్బు గుంజి, తర్వాత తప్పులు చేశారంటూ లీగల్ నోటీసులతో బెదిరిస్తారు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక మామూలు వెబ్‌పేజీ రాసిచ్చే పనికి గిరాకీ తగ్గింది. దాన్ని యంత్రమే రాసేస్తోంది. కానీ ఠేకేదారు మాటల్లోంచి అసలు అవసరం పట్టుకోవడం, యంత్రం రాసినదాంట్లో తప్పు వెతకడం, రేపు లెక్క తేడా వస్తే బాధ్యత తీసుకోవడం మనిషి పనే. కార్మికుల యూఏఎన్, బ్యాంకు వివరాలు మాత్రం ఏఐ పెట్టెల్లో వేయకండి. అవి నమ్మి ఇచ్చిన సమాచారం.

మొదటి ఏడాదే దీంతో ఇల్లు గడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. చేతిలో ఉన్న ఉద్యోగమో చదువో వదలకుండా, పొద్దుటో రాత్రో రెండు మూడు గంటలు దీనికివ్వడమే క్షేమం. ఇక క్యాంపు తెలుగు సంఘాలకూ, ఆలయ కమిటీలకూ ఒక మనవి. పండగలకు పందిళ్లు వేసే చోటే ఒక గది, నాలుగు పాత కంప్యూటర్లు, మంచి ఇంటర్నెట్టు ఏర్పాటు చేయండి. ఇరుకు ఇళ్ల పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, కూర్చుని నేర్చుకునే చోటు దొరికితే మిగతా దారి వాళ్లే నడుస్తారు.