గురువారం చీటీ

పిల్లవాణ్ణి మక్తబ్‌లో చేర్పించడానికి వచ్చే తండ్రులు మాతో తరచూ అనే మాట ఒకటుంది. "చర్మం మీది, ఎముకలు మావి హజ్రత్" అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో తాతల కాలం నుంచి వస్తున్న నానుడి అది. గురువు మీద వారికి గల నమ్మకం అందులో ఉన్నది, కాదనను. అయితే ఆ మాట చెప్పి సలాం చేసి వెళ్లిన తండ్రి మళ్లీ రంజాన్ నెలలోనో, ఖుర్ఆన్ పారాయణం పూర్తయిన నాడు మిఠాయి పంచడానికో తప్ప మక్తబ్ గుమ్మం తొక్కడు. నడుమ గడిచిన నెలల్లో తన బిడ్డ ఏం నేర్చుకున్నాడో ఆయనకు తెలియదు. నిజం చెప్పాలంటే, తెలియజేయాలన్న ఆలోచన మాకూ చాలాకాలం రాలేదు.

నేను గుంటూరులో ఒక మస్జిద్‌కు అనుబంధంగా ఉన్న మక్తబ్‌లో చిన్నపిల్లలకు బోధిస్తున్నాను. ఆరు నుంచి పదేళ్ల లోపు వారు 38 మంది. పగలంతా బడికి వెళ్లి, అస్ర్ నమాజ్ తరువాత మా దగ్గరకు వస్తారు. శనివారం నుంచి గురువారం వరకు పాఠాలు, శుక్రవారం సెలవు. నూరానీ ఖాయిదా, చిన్న సూరాలు, నిత్యం చదువుకునే దుఆలు, నమాజ్ పద్ధతి, మర్యాదలు: మా పాఠ్యక్రమం ఇంతే. తండ్రులలో ఆటో నడిపేవారు, మెకానిక్కులు, పరుపులు కుట్టేవారు, మిర్చి యార్డులో బస్తాలు మోసేవారు ఉన్నారు. మిరప చేతికొచ్చే కాలంలో తల్లులలో చాలామంది కాయల తొడిమలు తీసే కూలికి వెళతారు. వీరిలో ఎవరికైనా బిడ్డ చదువు అక్కరలేదని నేననలేను. అక్కర లేకపోవడం వేరు, ఏమని అడగాలో తెలియకపోవడం వేరు.

కొన్నేళ్ల క్రితం వరకు మా తరగతిలో ఒక పద్ధతి ఉండేది. పాఠం అప్పజెప్పలేని పిల్లల నోటు పుస్తకంలో గురువారం నాడు ఒక వాక్యం రాసి పంపేవాణ్ణి. "పాఠం రాలేదు, శ్రద్ధ లేదు" అని ఉర్దూలో. వచ్చిన పిల్లలకు ఏమీ రాసేవాణ్ణి కాను. అంటే నా అక్షరం ఇంటికి వెళ్లిందంటే అది ఫిర్యాదేనని ప్రతి పిల్లవాడికీ తెలుసు. అందులోని తప్పు అప్పటికి నాకు కనిపించలేదు. నా గురువులూ అలాగే చేశారు.

ఎనిమిదేళ్ల బాలుడొకడికి వరుసగా మూడు వారాలు ఆ వాక్యమే రాశాను. నాలుగో వారం అతడి పుస్తకం తెరిస్తే ఆ కాగితాలు లేవు. చించిన గుర్తులు కుట్టు దగ్గర మిగిలి ఉన్నాయి. కోపంగా అడిగాను. తల వంచుకున్నాడు, జవాబు చెప్పలేదు. పక్క వరుసలో కూర్చున్న అతడి అక్క లేచి నిలబడి చెప్పింది. మొదటి వారం వాళ్ల నాన్న ఆ కాగితం చదవలేక వీధి చివరి దుకాణం దగ్గరికి తీసుకువెళ్లి చదివించుకున్నాడట. అక్కడున్న నలుగురూ నవ్వారట. ఇంటికి వచ్చి బెల్టు తీశాడట. తరువాతి రెండు వారాలూ పిల్లవాడే దారిలో కాగితం చించి కాలువలో పడేశాడు.

ఆ రాత్రి ఇషా తరువాత వాళ్ల ఇంటికి వెళ్లాను. నన్ను చూసి ఆ తండ్రి కంగారుపడి కుర్చీ కోసం వెతికాడు. ఇద్దరం చాప మీదే కూర్చున్నాం. నేను కొట్టడం గురించి మాట్లాడబోతే ఆయన మెల్లగా అన్న మాట ఇది: "హజ్రత్, శ్రద్ధ లేదని రాశారు. శ్రద్ధ ఎలా తెప్పించాలో నాకు తెలియదు. నాకు తెలిసింది ఇదొక్కటే. ఏ పాఠం రాలేదో రాసి ఉంటే కనీసం ఆ పాఠం అడిగేవాణ్ణి కదా."

నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే రాని పాఠమేదో నాకు స్పష్టంగా తెలుసు. అరబీలో రెండు హాలు ఉన్నాయి. ఒకటి గొంతు మధ్య నుంచి, మరొకటి గొంతు అడుగు నుంచి వస్తుంది. మన తెలుగులో ఉన్నది ఒకే హ. తెలుగే ఇంటి భాషగా పెరిగిన పిల్లలకు ఈ రెండింటి తేడా చెవికి ఆనడానికే వారాలు పడుతుంది, నాలుకకు రావడం తరువాతి సంగతి. ఇఖ్లాస్ సూరా తొలి ఆయత్‌లోనే రెండు హాలూ ఉన్నాయి. ఆ బాలుడు అక్కడే ఆగిపోతున్నాడు. అది శ్రద్ధకు సంబంధించిన విషయమే కాదు. నాలుగు మాటల్లో రాయగలిగిన సంగతిని నేను ఒక తీర్పుగా రాసి పంపాను. ఆ తీర్పును ఆ ఇంట్లో బెల్టుతో అమలు చేశారు.

ప్రతి వ్యక్తీ కాపరి వంటివాడని, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నింపబడతాడని బోధించే హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. జుమా ప్రసంగాల్లో తల్లిదండ్రులకు దాన్ని ఎన్నిసార్లు వినిపించానో లెక్కలేదు. మంద ఎక్కడ మేస్తున్నదో కాపరికి చెప్పకుండా, కాపరిని నిలదీస్తూ వచ్చానన్నమాట.

ఆ తరువాత పాత గ్రంథాలు తిరగేస్తుంటే ఇబ్ను సహ్నూన్ రచన ఒకటి కంటబడింది. ఆయన నేటి ట్యునీషియాలోని ఖైరవాన్ పట్టణానికి చెందిన మాలికీ పండితుడు. క్రీస్తుశకం 870లో మరణించాడు. చిన్నపిల్లలకు ఖుర్ఆన్ నేర్పే ఉపాధ్యాయుల విధుల మీద 'ఆదాబుల్ ముఅల్లిమీన్' అనే చిన్న పుస్తకం రాశాడు. అందులో అధిక భాగం తన తండ్రి సహ్నూన్ వద్ద విన్న సమాధానాలే. ఉపాధ్యాయుడు పిల్లల రాకపోకలను స్వయంగా కనిపెట్టి ఉండాలని, రాని పిల్లవాడి సంగతి వాడి పెద్దలకు తెలియజేయాలని అందులో ఉంది. రానివాణ్ణి వెతకడానికి తోటి పిల్లలను పంపరాదు, పంపాలంటే ఆ పిల్లల పెద్దల అనుమతి కావాలి. దండన విషయంలోనూ మూడు దెబ్బలకు మించరాదని హద్దు గీశాడు. అది దాటాలంటే తండ్రి సమ్మతి ఉండాలి. ఈనాడు ఆ మూడు దెబ్బలూ ఉండకూడదనే నేనంటాను. నన్ను ఆపింది మరో విషయం. పదకొండు వందల ఏళ్లకు పూర్వమే పిల్లవాడి విషయంలో ఉపాధ్యాయుడు పెద్దలకు కబురు చెప్పి, వారి అనుమతి తీసుకుని నడుచుకోవలసినవాడు. చర్మాన్ని ఎవరూ ఎవరికీ రాసి ఇవ్వలేదు.

అలా మొదలైంది మా గురువారం చీటీ. పాతికో ముప్పయ్యో అక్షరాలు పట్టే చిన్న కాగితం కాదు, అరచేయంత ఉంటుంది. వచ్చినవారికీ రానివారికీ అందరికీ వెళుతుంది. ఈ మధ్య ఒక పిల్లవాడికి రాసినది ఇలా ఉంది: "ఈ వారం ఫీల్ సూరా మొదలుపెట్టాం. మొత్తం 5 ఆయత్‌లు. మీ అబ్బాయికి 3 వచ్చాయి, నాలుగోదాని దగ్గర తడబడుతున్నాడు. అన్నం తినేముందు చదివే దుఆ పూర్తిగా వచ్చింది. శుక్రవారం భోజనం దగ్గర ఒకసారి చెప్పించుకోండి. తప్పు పలికితే మీరు దిద్దవద్దు, ఆ పని మాకు వదలండి." శ్రద్ధ, బుద్ధి, తెలివి వంటి మాటలు చీటీలో రాయకూడదని నాకు నేనే కట్టడి పెట్టుకున్నాను. మడతపెట్టేముందు పిల్లవాడికి చదివి వినిపిస్తాను. తన జేబులో ఏముందో తెలిసిన పిల్లవాడు దాన్ని కాలువలో పడేయడు.

భాష విషయం తేలడానికి మాత్రం ఒక సంవత్సరం పట్టింది. నా చదువంతా ఉర్దూ, అరబీలలో సాగింది. సహజంగానే మొదట ఉర్దూలో రాశాను. వాటిని నానీమాలు చదవగలిగారు. తెలుగు మాధ్యమంలో పదో తరగతి వరకు చదివిన తల్లులు చదవలేకపోయారు. నూర్‌బాషా కుటుంబాల ఇళ్లలోనైతే ఉర్దూ మాటే వినిపించదు. తెలుగులో రాయడం మొదలుపెట్టాక, దీనీ చదువు సంగతులు తెలుగులో ఏమిటని కమిటీ పెద్దలొకరు ఆక్షేపించారు. ఎవరి కోసం రాస్తున్నామో వారు చదవలేని భాషలో రాసి ప్రయోజనం ఏమిటన్నాను. నా తెలుగు రాతలో ఒత్తులు తప్పుతుంటాయి. ఐదో తరగతి పిల్లలు నవ్వుకుంటూ సరిచేస్తారు, అదీ మంచికే.

అసలు ఏ భాషా చదవలేని తల్లుల మాటేమిటి? ఈ ప్రశ్నకు దారి చూపింది ఒక తల్లే. తొడిమల కూలికి వెళ్లే ఆవిడ. చీటీని కూతురిచేత చదివించుకుని, 5 అన్న అంకె పట్టుకుని, బిడ్డ సూరా చదువుతుంటే ఆగిన చోటల్లా ఒక వేలు ముడుస్తుందట. మూడు వేళ్లు ముడిస్తే ఇంకా రెండు రావాలి. కౌసర్‌కు మూడు వేళ్లు, ఇఖ్లాస్‌కు నాలుగు, ఫలఖ్‌కు ఐదు, నాస్‌కు ఆరు. అక్షరం రాని ఆ తల్లి తన బిడ్డ పాఠాన్ని నాకంటే ఎక్కువసార్లు విన్నది. అప్పటి నుంచి ప్రతి చీటీలో ఆయత్‌ల సంఖ్యను పెద్ద అంకెగా రాస్తున్నాను. విన్నవారు విన్నన్ని సార్లు చీటీ మీద చుక్కలు పెట్టి శనివారం తిరిగి పంపాలి. సంతకం అడగను. సంతకం అనగానే కొందరు తల్లులు జంకుతారు. చుక్క పెట్టడానికి ఎవరూ జంకరు.

తిరిగివచ్చే చీటీలు మాకూ పాఠం చెబుతాయని నేనెదురుచూడలేదు. ఒకసారి ఒక చీటీ వెనుక, తల్లి చెబుతుంటే అక్క రాసిన వాక్యం ఉంది: "ఇంట్లో ఆగకుండా చెప్పాడు హజ్రత్, మీ ముందు నోరు రావడం లేదంట." ఆ పిల్లవాడికి సూరా రాదనే నేను నమ్మి ఉన్నాను. రెండు వారాల చీటీల్లో అలాగే రాశాను కూడా. మరునాడు వాణ్ణి నా ఎదురుగా కాక పక్కన కూర్చోబెట్టుకుని, మరో పిల్లవాడికి చెప్పమన్నాను. చెప్పాడు.

ఫోన్ ఉండగా కాగితాలెందుకని యువకులైన తండ్రులు అడుగుతారు. వాట్సాప్ గ్రూపు మేమూ పెట్టి చూశాం. ఎవరికి ఎంత వచ్చిందో అందులో పెట్టగానే, ఒక పిల్లవాడి వెనుకబాటు 38 ఇళ్లలో చర్చ అయింది. పరోక్ష నింద గురించి పిల్లలకు బోధించే మేము దానికి తలుపు తెరిచినట్లయింది. పైగా ఫోన్ తండ్రితో పాటు పనికి వెళుతుంది, పాఠం వినవలసిన తల్లి ఇంట్లో ఉంటుంది. ఇప్పుడు గ్రూపులో ఆ వారపు సూరాను సరైన ఉచ్చారణతో నా గొంతుతో పంపడం మాత్రమే చేస్తున్నాం. పిల్లల పేర్లు అందులో రావు.

పాఠకులలో చాలామంది బిడ్డలు పగలు చదివే బడుల సంగతి కూడా చెప్పాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను చెబుతూ, తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి వారికి తెలియజేయాలని పేర్కొంటుంది. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలని, సభ్యులలో సగం మంది మహిళలు ఉండాలని 21వ సెక్షన్ అంటుంది. 2012 సవరణతో మద్రసాలను, వేద పాఠశాలలను ఈ చట్టం పరిధి నుంచి తప్పించారు. కనుక నన్ను ఈ చట్టం కింద అడిగేవారు లేరు. కాని మీ బిడ్డ బడిని మీరు అడగవచ్చు. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నింటిలో ఒకే రోజున తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. మా మక్తబ్ తల్లులు కొందరు కూలి మానుకుని వెళ్లారు. మంచిదే. కాని ఏడాదికి ఒకటి రెండు రోజుల పండుగతో వారంవారం గడిచే చదువు తెలియదు. కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లికి "బాగా చదువుతున్నాడమ్మా" అన్న ఒక్క మాట చెప్పి పంపితే ఆమె దగ్గర ఇంటికి తీసుకెళ్లడానికి ఏమీ ఉండదు. ఈ వారం ఏ పాఠం చెప్పారు, మా వాడికి అందులో ఎంత వచ్చింది, ఇంట్లో నేనేం వినాలి అని అడగండి. అడిగితే విసుక్కునే ఉపాధ్యాయులు తక్కువ. మమ్మల్ని ఎవరూ అడగరన్న బెంగే మాలో ఎక్కువ.

చీటీ పద్ధతి అన్ని ఇళ్లలోనూ పనిచేసిందని చెప్పను. ఆరేడు చీటీలు ప్రతి వారమూ చుక్క లేకుండానే తిరిగివస్తాయి. రెండిళ్లకు స్వయంగా వెళ్లినా ఫలితం లేకపోయింది. మనిషికి రెండు నిమిషాల లెక్కన 38 చీటీలకు గంటంబావు పడుతుంది. బుధవారం నుంచే, పాఠం అప్పజెప్పించుకుంటూ రాయడం అలవాటైంది. బెల్టు దెబ్బలు తిన్న ఆ బాలుడు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. రంజాన్‌లో కనిపించి సలాం చేస్తాడు. ఆ కాగితాల సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

మొన్నటి గురువారం ఒక ఏడేళ్ల అమ్మాయి తన చీటీ మడవబోతుంటే నా చేయి పట్టుకుని ఆపింది. వాళ్ల నాన్న కువైట్‌లో డ్రైవరు. అక్కడా శుక్రవారం సెలవే కనుక ఆ రోజు ఫోన్ చేసి కూతురి పాఠం వింటాడు. "అమ్మ దీన్ని ఫోటో తీసి అబ్బాకు పంపుతుంది హజ్రత్, అక్షరాలు చిన్నవిగా ఉంటే కనబడవంట" అన్నది. ఆ కాగితం పక్కన పెట్టి మరొకటి తీసుకుని పెద్ద అక్షరాలతో తిరిగి రాశాను: ఈ వారం కౌసర్ సూరా, 3 ఆయత్‌లు, మూడూ వచ్చాయి.