మీకు తెలుసా? మేడ్చల్ నీళ్లకూ బాబ్లీ గేట్లకూ లంకె ఉంది

మేడ్చల్ దగ్గరి ఘన్‌పూర్ రిజర్వాయర్‌కు, అక్కణ్నుంచి నగరానికి చేరే గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి పైపుల్లో వస్తాయి. అదే నదిపై ఎగువన, మహారాష్ట్రలో సరిహద్దుకు కూతవేటు దూరంలో బాబ్లీ బ్యారేజీ ఉంది. దాని 14 గేట్లను ఏటా జూలై 1న ఎత్తితే అక్టోబర్ 28 దాకా దించకూడదు. మార్చి 1న 0.6 టీఎంసీ దిగువకు వదలాలి. 2013 ఫిబ్రవరి 28 నాటి సుప్రీంకోర్టు తీర్పులోని షరతులివి. అసలు బ్యారేజీయే వద్దన్న ఆంధ్రప్రదేశ్ వాదన మాత్రం నిలవలేదు.

దీన్ని రెండు రాష్ట్రాల సహకారమంటే, కోర్టు మెడలు వంచితే అది సహకారమెలా అవుతుందని అడగొచ్చు. నిజమే, కానీ తీర్పు కాగితం గేటు ఎత్తదు. ఆ పని చూడటానికి కేంద్ర జల సంఘం ప్రతినిధి, రెండు రాష్ట్రాల నుంచి ఒక్కొక్కరు ఉండేలా ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. జూలై 1న ఇరుపక్షాల ఇంజనీర్లూ దగ్గరుండి గేట్లు ఎత్తిస్తారు. 2014లో ఆంధ్రప్రదేశ్ స్థానంలోకి తెలంగాణ వచ్చినా ఈ పద్ధతి చెదరలేదు. బాబ్లీ నిల్వ 2.74 టీఎంసీలే కదా, ఇంత రాద్ధాంతమెందుకనేవాళ్లూ ఉన్నారు. వానాకాలం వరద ఆగదన్న భరోసా దిగువ రైతుకు కావాలి, వేసవికి కాస్త నిల్వ ఎగువ రైతుకు కావాలి. తేదీ రాతలో ఉంది కాబట్టి ఏటా మంత్రులు కూర్చుని బేరమాడే పని తప్పింది. వానలే ముఖం చాటేసిన ఏడు మాత్రం ఏ కమిటీ అయినా చేసేదేముంది?