నాలుగు రోజులకో ఏడాది

కార్తీక మాసంలో రాత్రి ఎనిమిదింటికి నడినెత్తిన చూస్తే నాలుగు చుక్కలు పెద్ద చతురస్రంలా కనిపిస్తాయి. పడమటి రెండూ పూర్వాభాద్ర, తూర్పు రెండూ ఉత్తరాభాద్ర. పూర్వాభాద్ర చుక్కలను కలుపుతూ ఒక గీత ఊహించుకుని, దాని నడిమికి కాస్త పడమరగా బైనాక్యులర్ తిప్పితే మసక చుక్క ఒకటి దొరుకుతుంది. దాని పేరు 51 పెగాసి. అనంతపురం శివార్లలో, వీధి దీపాల వెలుగు తగలని చోట, మా డిగ్రీ పిల్లలకు ఏటా దాన్ని చూపిస్తాను. "ఇంతేనా మేడమ్?" అంటారు. చూడ్డానికి ఇంతే. కానీ సూర్యుడి లాంటి మరో నక్షత్రం చుట్టూ గ్రహం తిరుగుతోందని మనుషులకు మొదటిసారి తెలిసింది దీని దగ్గరే.

ఆ నక్షత్రం 50 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. గ్రహం దాని వెలుగులో మునిగిపోతుంది కాబట్టి నేరుగా కనబడదు. మరి ఎలా పట్టుకున్నారు? చంటివాడి చేతులు పట్టుకుని గిర్రున తిప్పే తండ్రిని చూడండి. వాడు పెద్ద చుట్టు తిరుగుతుంటే, తండ్రి కాళ్లు కూడా చిన్న చుట్టు తిరుగుతాయి. గ్రహం లాగే లాగుడుకు నక్షత్రమూ అలాగే కదులుతుంది. అది మన వైపు వస్తున్నప్పుడు దాని వర్ణపటంలోని నల్లగీతలు నీలం వైపు, వెనక్కి పోతున్నప్పుడు ఎరుపు వైపు జరుగుతాయి. ఆ జరుగుడును కొలిస్తే వేగం తెలుస్తుంది.

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త మిషెల్ మేయర్, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న డిడియే కెలో 1994లో ఈ పనికి పూనుకున్నారు. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఓత్-ప్రొవాన్స్ అబ్జర్వేటరీలో, ఎలోడీ అనే స్పెక్ట్రోగ్రాఫ్‌తో 142 నక్షత్రాలను గమనించారు. 51 పెగాసి వేగం సెకనుకు 56 మీటర్ల మేర అటూ ఇటూ ఊగుతోంది. ఊగుడు 4.23 రోజులకోసారి తిరిగొస్తోంది. అంటే ఆ గ్రహానికి ఏడాదంటే నాలుగు రోజులు! మన బుధుడికే 88 రోజులు పడుతుంది. గురుగ్రహంలో కనీసం సగం బరువున్న గ్రహం, నక్షత్రానికి 80 లక్షల కిలోమీటర్ల దూరంలో, వెయ్యి డిగ్రీల వేడిలో ఉండటమేమిటి? కెలో మొదట తన పరికరాన్నే అనుమానించాడు. నక్షత్రం కొన్నాళ్లు కనుమరుగై, 1995 జులైలో మళ్లీ చూసే వీలు కలిగేసరికి, వేగం ఏ రాత్రి ఎంత ఉండాలో ముందే లెక్కగట్టి పెట్టుకున్నారు. కొలిస్తే సరిపోయింది. అక్టోబరు 6న ఫ్లోరెన్స్‌లో ప్రకటించారు. 2019లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

నన్ను ఎక్కువగా కదిలించేది మరొకటుంది. నక్షత్రానికి ఆనుకుని గురుడంతటి గ్రహాలు ఉండవచ్చని, వాటిని ఇదే పద్ధతిలో పట్టవచ్చని ఖగోళ శాస్త్రవేత్త ఒట్టో స్ట్రూవె 1952లోనే రాశాడు. దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. గురుడికి సూర్యుణ్ణి చుట్టిరావడానికి 12 ఏళ్లు పడుతుంది కాబట్టి అంతటి గ్రహం ఎక్కడున్నా అలాగే నిదానంగా తిరుగుతుందని నమ్మారు. అమెరికాలో ఖగోళ శాస్త్రవేత్తలు జెఫ్ మార్సీ, పాల్ బట్లర్ అప్పటికే ఏళ్ల తరబడి ఇలాంటి కొలతలు తీసి ఉంచారు. ఫ్లోరెన్స్ కబురు విన్నాక 51 పెగాసిని తామూ చూసి నిజమేనన్నారు. తర్వాత తమ పాత కొలతలను తిరగేస్తే మరో రెండు గ్రహాలు బయటపడ్డాయి. అవి అన్నాళ్లూ ఆ అంకెల్లోనే ఉన్నాయి. నేడు తెలిసిన సౌరకుటుంబం బయటి గ్రహాలు ఆరు వేలు దాటాయి.

ప్రాక్టికల్స్‌లో గ్రాఫ్ గీతకు కుదరని రీడింగును రబ్బరుతో చెరిపేసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మార్కులు పోతాయని వాళ్ల భయం. ఆ రీడింగుకు మార్కు తగ్గించకండని తోటి అధ్యాపకులను వేడుకుంటున్నాను. దాన్ని రికార్డులో ఉండనిచ్చి, మళ్లీ కొలవమనండి. పొరపాటైతే రెండోసారికి తేలిపోతుంది. రెండోసారీ అదే వస్తే, అప్పుడు అనుమానించాల్సింది గీతను.