మనోవైద్యుల దూరం: నిరాదరణా, చికిత్సలో భాగమా?

ఉప్పాడ చీర ఉన్న సంచిని నా బల్ల మీద పెట్టి ఆమె కళ్ళు తుడుచుకున్నారు. "పుచ్చుకోలేదండీ బాబాయిగారూ. చేత్తో ముట్టుకోను కూడా లేదు. అంత కానిదాన్నయిపోయానా నేను?" అన్నారు.

ఆమెకు నలభై దాటిన వయస్సు. మూడేళ్ళుగా నిద్ర పట్టక నా వద్దకు వచ్చినవారు. (ఆమె అనుమతి తీసుకొని, గుర్తులు మార్చి ఈ సంగతి వ్రాస్తున్నాను.) రాత్రివేళ పాలలో అశ్వగంధ చూర్ణమూ, పడుకోబోయే ముందు అరికాళ్ళకు నువ్వుల నూనె మర్దనా చెప్పాను. కొంత మేలు కనిపించినది. అయితే ఆమె మందు పొట్లం తీసుకొని వెళ్ళిపోయేవారు కాదు. గంటసేపు కూర్చొని, ఇరవై ఏళ్ళ కాపురంలో మింగిన మాటలన్నీ ఒక్కొక్కటిగా చెప్పేవారు. ఈ నిద్రలేమికి మూలం వాతప్రకోపం మాత్రమే కాదనీ, నా చూర్ణాలు అంతదూరం వెళ్ళలేవనీ నాకు తెలిసివచ్చినది. మా ఊళ్ళోనే ఉన్న ఒక క్లినికల్ సైకాలజిస్టు వద్దకు పంపాను. ఆమె కూడా స్త్రీయే.

మూడు నెలలు గడిచాక ఈ ఫిర్యాదు వచ్చినది. చీర ఒక్కటే కాదు. అక్కా అని పిలిస్తే ఆవిడ చిరునవ్వు నవ్వి ఊరుకున్నారట. గృహప్రవేశానికి శుభలేఖ ఇస్తే, సంతోషమని చెప్పి, రాలేనన్నారట. ఆదివారం ఫోను చేస్తే, ప్రాణాపాయమేమీ లేదని తెలుసుకొని, గురువారం మాట్లాడుకుందామన్నారట. ఎంత ఏడుస్తున్నా ముప్పావుగంట కాగానే గడియారం చూస్తారట.

నిజం చెప్పవలెనంటే నాకూ కోపం వచ్చినది. మా తండ్రిగారి కాలం నుండి మా ఇంట వైద్యమంటే రోగి ఇంటి పెళ్ళికి వెళ్ళి భోజనం చేసి రావటమూ, వారి తోటలోని మామిడిపళ్ళు మా ఇంటికి రావటమూను. వెంటనే ఆ సైకాలజిస్టుకు ఫోను చేసి, "నేను పంపిన మనిషిని అట్లా బాధపెట్టవచ్చునా అమ్మా?" అని అడిగాను. ఆవిడ ఎంతో మర్యాదగా, "నా దగ్గరకు ఎవరు వస్తున్నారో, ఎవరు రావటం లేదో నేను చెప్పకూడదండీ. మీరు పంపినవారైనా సరే," అన్నారు. ఫోను పెట్టేశాక చాలాసేపు గొణుక్కున్నాను.

ఆ రాత్రి చరక సంహిత తీశాను. సైకాలజిస్టు తప్పు పట్టుకొనటానికే తీశానని ఒప్పుకోవాలి. విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో, వైద్యవిద్య ఆరంభించే శిష్యునికి గురువు చేసే ఉపదేశమున్నది. రోగి ఇంటికి, ఆ ఇంటివారికి తెలిసిన మనిషితో, అనుమతి పొందిన తరువాతనే వెళ్ళవలెను. లోపలికి వెళ్ళాక మాట, మనస్సు, ఇంద్రియాలు రోగికి మేలు చేసే విషయం మీద తప్ప వేరొక దాని మీదికి పోరాదు. ఆ ఇంటి సంగతులు బయట చెప్పరాదు. భర్త లేక సంరక్షకుని అనుమతి లేకుండా స్త్రీలు ఇచ్చే కానుకను స్వీకరించరాదు. ఈ చివరి నియమంలో భర్త అనుమతి అన్నది ఆనాటి సంఘం మాట. దానిని నేడు ఎవరూ పాటించనక్కరలేదు. దాని వెనుక ఉన్న సంగతి మాత్రం పాతబడలేదు. వైద్యునికీ రోగికీ నడుమ, నలుగురికీ తెలియరాని ఇచ్చిపుచ్చుకోళ్ళు ఉండరాదు. చదివినకొద్దీ నా పక్షం పలచబడినది. నేను తిట్టుకున్న ఆవిడ చేసినది, మన గురువులు చెప్పినదే.

శరీరానికి వైద్యం చేసేవారికే ఇంత కట్టడి ఉంటే, మనస్సుకు వైద్యం చేసేవారికి ఇంకెంత ఉండవలెను? నాడి చూసే నాకు రోగి నాలుక చూపిస్తాడు, పత్యం చెప్పమంటాడు. మనోవైద్యుని ముందు మనిషి, కట్టుకున్నవారికి సైతం చెప్పని దానిని విప్పి పెడతాడు. అట్లా విప్పినపుడు ఒక విచిత్రం జరుగుతుంది. చిన్ననాట తల్లి మీద, తండ్రి మీద, తరువాత అత్తగారి మీద, భర్త మీద పెట్టుకున్న ఆశా భయమూ కోపమూ ఎదురుగా కూర్చొని వింటున్న ఆ మనిషి మీదికి మళ్ళుతాయి. దీనికి ట్రాన్స్‌ఫరెన్స్ అని పేరు. ఇది రోగి చేసే తప్పు కాదు. చికిత్స నడిచేదే దీని మీద. ఇక్కడ వైద్యుడు నిజంగానే తల్లిగానో, అన్నగానో, ప్రియునిగానో మారిపోతే రోగికి ఇంకొక చుట్టం దొరుకుతాడు. వైద్యుడు మాత్రం పోతాడు. తోడుపెట్టిన పాలగిన్నెను మాటిమాటికీ కదిలిస్తే పెరుగు పేరుకోదని మన ఇళ్ళలో ఎవరికి తెలియదు?

ఈ జ్ఞానం పాశ్చాత్యులకు తేలికగా రాలేదు. వియన్నాలో 1880 డిసెంబరు నుండి 1882 జూన్ వరకు యోసెఫ్ బ్రాయర్ అనే వైద్యుడు, బెర్తా పాపెన్‌హైమ్ అనే యువతికి మాట్లాడించటమే మందుగా చికిత్స చేశారు. వైద్య గ్రంథాలలో ఆమెకు అన్నా ఓ అని మారుపేరు. దినదినమూ గంటల తరబడి ఆమె వద్ద గడిపారు. ఆమె ఆహారం ముట్టని రోజులలో తన చేతితో తినిపించారు. ఫ్రాయిడ్‌తో కలిసి 1895లో ప్రచురించిన గ్రంథంలో ఆమె కోలుకున్నదని వ్రాశారు. వాస్తవానికి చికిత్స ముగిసిన మరుసటి నెలలోనే ఆమెను స్విట్జర్లాండులోని ఆరోగ్యశాలలో చేర్చవలసి వచ్చినది. తరువాతి కాలంలో ఆమె గొప్ప సంఘసేవకురాలైనారు గాని, ఆ ఘనత ఈ చికిత్సదని చెప్పలేము.

కార్ల్ యుంగ్ కథ ఇంకా బాధాకరం. 1904 ఆగస్టులో జ్యూరిచ్‌లోని బుర్గ్‌హోల్జ్‌లీ ఆస్పత్రిలో సబీనా స్పీల్‌రైన్ అనే రష్యన్ యువతి చేరినది. యుంగ్ ఆమెకు వైద్యుడు. ఆమె కోలుకొని వైద్యవిద్యలో చేరినా వారి సంబంధం ఆగక, వైద్యుడు రోగి అన్న మేర దాటిపోయినది. కంగారుపడిన ఆమె తల్లికి యుంగ్ వ్రాసిన జవాబులో ఒక వాదమున్నది. తాను ఫీజు పుచ్చుకొనలేదు గనుక వైద్యునికుండే కట్టుబాటు తనకు లేదనీ, కట్టుబాటు కావాలంటే సంప్రదింపుకు 10 ఫ్రాంకులు ఇప్పించవచ్చుననీ ఆయన వ్రాశారు! ఈ వ్యవహారం 1909లో ఫ్రాయిడ్ వరకు వెళ్ళినది. రోగి మీద వైద్యుని మనస్సులో లేచే భావాలకు కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్ అన్న మాటను ఆ ఏడాది జూన్‌లో యుంగ్‌కు వ్రాసిన లేఖలోనే ఫ్రాయిడ్ వాడారు. 1915లో ఒక వ్యాసంలో, రోగి ప్రేమకు వైద్యుడు బదులివ్వనూ రాదు, దానిని కసరి తోసివేయనూ రాదు, చికిత్సకు అందిన సామగ్రిగా పరిశీలించవలెనని వివరించారు. అదే ఫ్రాయిడ్ 1918లో సొంత కుమార్తెకే మనోవిశ్లేషణ మొదలుపెట్టారు. నియమం వ్రాసిన చేతికి నియమం తెలిసినంత మాత్రాన సరిపోదన్నమాట. స్పీల్‌రైన్ తానూ మనోవిశ్లేషకురాలైనారు. 1942లో రోస్తోవ్ నగరంలో నాజీల చేతిలో హతులైనారు.

ఆ ఫీజు మాట చదివినపుడు నాకు ముల్లు గుచ్చుకున్నట్లయినది. చాలా ఏళ్ళ క్రితం నా మిత్రుని కుమారుడు కడుపులో మంట, గుండెదడ అంటూ వచ్చేవాడు. మనవాడే గదా అని రూపాయి పుచ్చుకోలేదు. ఒకనాడు మందు కడుతూ ఉండగా, పరీక్షలు తప్పి ఏడాదిగా కాలేజీకి వెళ్ళటం లేదనీ, ఇంట్లో తెలియదనీ చెప్పాడు. వాడి జబ్బు కడుపులో లేదని నాకు అర్థమైనది. నెల తిరగకుండానే వారి ఇంట భోజనానికి కూర్చున్నాను. మిత్రుడు దిగులుగా కొడుకు మాట ఎత్తాడు. మేలుకోరి, ఉన్నదంతా చెప్పేశాను. పక్క గదిలో వాడు ఉన్నాడని నాకు తెలియదు. మళ్ళీ నా మెట్లెక్కలేదు. మొన్నటేడు ఒక పెళ్ళిలో కనబడి, నమస్కారం పెట్టి, అవతలి వరుసలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజున నేను వైద్యుణ్ణా, బాబాయినా? రెండూ అనుకున్నాను. వాడికి రెండూ లేకుండా పోయినవి.

అందుచేత మరునాడు ఆమెకు ఫోను చేసి, "ఈ కోపమంతా ఆవిడ ముందే చెప్పండి, నా ముందు కాదు," అన్నాను. ఈ వ్యవహారంలో నేను చేసిన మంచిపని అదొక్కటే. ఆమె వెళ్ళి చెప్పారు. సైకాలజిస్టు సంజాయిషీ చెప్పలేదట, నీతులు చెప్పలేదట. "ఆ చీర నేను తీసుకొని ఉంటే, వచ్చే వారం మీరు నా మీద ఇట్లా కోపగించుకోగలిగేవారా?" అని మాత్రం అడిగారట. ఆమె చాలాసేపు మాట్లాడలేకపోయారు. తరువాత, పెళ్ళయిన మొదటి సంక్రాంతి నుండి అత్తగారికీ ఆడపడుచులకూ తాను పెట్టిన చీరలు గుర్తుకు వచ్చాయట. ప్రేమతో పెట్టినవి కావు. పెట్టకపోతే ఉండనివ్వరేమో అన్న భయంతో పెట్టినవి. "ఏమీ తీసుకోకుండా కూడా, గురువారం నాకోసం కూర్చొని ఉండే మనిషి ఒకరున్నారని నాకు అప్పటిదాకా తెలియదు బాబాయిగారూ," అన్నారు. చీర పుచ్చుకొని ఉంటే ఈ మాట పుట్టేది కాదు.

మరి మన దేశంలో ఇంత దూరం ఇముడుతుందా అని సందేహం రావచ్చును. చండీగఢ్‌కు చెందిన మనోవైద్యులు జస్వంత్ సింగ్ నీకీ గారు 1973లో ఈ ప్రశ్ననే ఎత్తారు. ఎవరి మీదా ఆధారపడకుండా నిలబడటం పాశ్చాత్యులకు ఆదర్శం గాని, ఆధారపడటం మనకు తప్పు కాదనీ, గురుశిష్య సంబంధం మన చికిత్సకు నమూనా కాగలదనీ ఆయన వాదించారు. సగం ఒప్పుకుంటాను. మన రోగి వస్తూనే చుట్టరికం కలుపుతాడు. రాయిలా కూర్చునే వైద్యుడు మనవారికి పనికిరాడు. అక్కా అంటే పలకటంలో దోషం లేదు. అయితే గురువు పేరుతో జరిగిన ఘోరాలు మనం చూడనివా? గురువుకు ఉన్న అధికారం ఎంత పెద్దదో, కంచె అంత గట్టిగా ఉండవలెను.

హద్దు దాటిన ప్రతిదీ ద్రోహమూ కాదు. 1993లో గుథైల్, గాబార్డ్ అనే ఇద్దరు అమెరికన్ మనోవైద్యులు ఈ భేదం స్పష్టంగా వివరించారు. ఇంట్లో మరణం సంభవించిన రోగిని ఒకసారి పలకరించి రావటం, బిడ్డ పుట్టిన సంతోషంలో ఇచ్చిన ఒక మిఠాయి తినటం వంటివి హద్దు దాటటమే గాని, వాటివల్ల హాని కలగదు, ఒక్కొక్కప్పుడు మేలే జరుగుతుంది. రోగిని తన అవసరానికి వాడుకోవటం వేరు. చికిత్సకుడు తన కాపురం కష్టాలు మీకు చెప్పుకుంటున్నా, అప్పు అడిగినా, వ్యాపారంలో కలుపుకున్నా, అందరూ వెళ్ళిపోయిన వేళకే రమ్మన్నా, ఇంటివారికి దూరంగా ఉండమని ఊరికే చెప్పినా, ఈ సంగతి మన మధ్యనే ఉండవలెనన్నా జాగ్రత్తపడండి. ఇందులో చివరి మాటే అన్నింటికన్నా ప్రమాదకరం. రహస్యం కాపాడవలసిన బాధ్యత చికిత్సకునిదే. మీ గదిలో జరిగినది మీరు ఎవరికైనా చెప్పుకోవచ్చును.

శారీరక సంబంధం విషయంలో మినహాయింపు లేదు. రోగి ఇష్టపడినా, తానే కోరినా తప్పు చికిత్సకునిదే. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో దీనిని తన నియమాలలో వ్రాసుకున్నది. 1993లో చికిత్స ముగిసిన రోగులకూ వర్తింపజేసినది. మన దేశంలో 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం, వృత్తి స్థానాన్ని ఉపయోగించుకొని రోగితో అనుచిత సంబంధం నెరపిన డాక్టరు క్రమశిక్షణ చర్యకు గురి అవుతాడు. రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చును. క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండవలెను. మొదటి రోజే ఆ నమోదు సంఖ్య అడగండి. అడగటం అమర్యాద కాదు. కౌన్సెలర్ అన్న బోర్డు చూసి మాత్రమే లోపలికి వెళ్ళకండి. ఇక మీ సంగతులు గోప్యంగా ఉండటం, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ఇచ్చిన హక్కు. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నపుడు, న్యాయస్థానం ఆదేశించినపుడు వంటి కొన్ని సందర్భాలలోనే దానికి మినహాయింపు. నా ఫోనుకు ఆవిడ ఇచ్చిన జవాబు ఇందులోనిదే. ఎవరి వద్దకు వెళ్ళవలెనో తోచనివారు 14416కు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో ప్రభుత్వం ఆరంభించిన టెలీ మానస్ సేవ ఇది, రుసుము లేదు.

మొన్న సంక్రాంతికి ఆమె ఆ ఉప్పాడ చీర తానే కట్టుకొని మా వైద్యశాలకు వచ్చారు. నిద్ర ఎట్లా ఉన్నదని అడిగాను. వారంలో నాలుగైదు రాత్రులు పడుతున్నదన్నారు. గురువారాలు ఇంకా నడుస్తున్నవట. సంచిలో నుండి అరిసెల డబ్బా తీసి బల్ల మీద పెట్టి, నా ముఖం వంక చూసి నవ్వారు. నేను డబ్బా మూత తీసి, మందులు కట్టే కుర్రవానికీ, బెంచీ మీద కూర్చున్న రోగులకూ తలా ఒకటి ఇచ్చి, నేనూ ఒకటి తిన్నాను. నువ్వులు కాస్త ఎక్కువ వేశారు, రుచిగా ఉన్నవి.