వలసలకు పటం గీయుట ఎట్లు?

పెండ్లి అయి అత్తవారి ఊరికి వెళ్లిన స్త్రీ, కాలువ క్రింద భూమి కొని స్థిరపడిన రైతు, మిల్లులో పనికి వచ్చి ఉండిపోయిన కూలి - జనాభా లెక్కల దృష్టిలో వీరందరూ వలస వచ్చినవారే. 2011 లెక్కల ప్రకారం మన దేశంలో ఇట్టివారు సుమారు 45 కోట్ల మంది. అనగా ప్రతి ఎనమండుగురిలో ముగ్గురు. స్త్రీల వలసలకు అన్నింటికంటె పెద్ద కారణం వివాహము.

జన్మస్థలమును గూర్చిన ప్రశ్న 1881 లెక్కలలోనే ఉన్నది. ఇంతకుముందు నివసించిన చోటు ఏది అను ప్రశ్నను 1971లోను, వలసకు కారణమేమి అను ప్రశ్నను 1981లోను చేర్చారు. ప్రతి వలసకు విడిచిన చోటు ఒకటి, చేరిన చోటు ఒకటి ఉంటాయి. కావున ఈ సమాధానాలను గళ్ల పట్టికగా వ్రాస్తారు. 2011లో రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు కలిపి 35. ఒక్కొక్క దాని నుండి తక్కిన 34కు వెళ్లవచ్చును గనుక, పట్టికలో 35 × 34 = 1,190 గళ్లు కావలెను. ఇన్ని అంకెలను ఒక్కసారిగా చూచి గ్రహించుట కష్టం. ఇక్కడనే పటం తోడ్పడుతుంది.

ఫ్రెంచి ఇంజనీరు మినార్ 1845లో డిజోన్, మ్యూలూజ్ పట్టణాల మధ్య దారులపై ప్రయాణికుల రాకపోకలను పట్టీలుగా గీశాడు. ఎక్కువ మంది పోవు దారికి వెడల్పు పట్టీ, తక్కువ మంది పోవు దారికి సన్నని పట్టీ. రైలుమార్గం ఎటు వేయవలెనో తేల్చుకొనుటకు అది పనికివచ్చు పటం. 1885లో రావెన్‌స్టైన్ బ్రిటను జనాభా లెక్కలను పరిశీలించి రెండు ముఖ్య విషయాలు చెప్పాడు: వలసదారులలో ఎక్కువ మంది దగ్గరి చోట్లకే పోతారు, ఒక దిక్కుకు సాగే ప్రతి ప్రవాహానికి ఎదురు ప్రవాహం కూడ ఉంటుంది.

ఈ రెండవ విషయం పటం గీయువారు మరువరాదు. మాడుగులపల్లి నుండి మిర్యాలగూడకు 60 మంది వెళ్లారనుకొందాం. అక్కడి నుండి ఇక్కడకు 55 మంది వచ్చారనుకొందాం. తీసివేసి 5 అని ఒకే సన్నని బాణం గీసినచో, ఇల్లు మారిన 115 మంది కనబడకుండ పోతారు. కావున రెండు బాణాలు వేరువేరుగా గీయవలెను.

సరిహద్దుల విషయంలో మరొక చిక్కు ఉన్నది. 1967లో నాగార్జునసాగర్ నీరు విడుదలైన పిదప గుంటూరు వైపు నుండి రైతులు మిర్యాలగూడ ప్రాంతపు ఎడమ కాలువ ఆయకట్టుకు వచ్చి స్థిరపడ్డారు. 2011 లెక్కలలో వారిది రాష్ట్రం లోపలి వలస. 2014లో తెలంగాణ ఏర్పడినందున, అదే వలస నేటి సరిహద్దుల ప్రకారం అంతర్రాష్ట్ర వలస అవుతుంది. అట్లే 2016కు ముందు కోదాడ నుండి మాడుగులపల్లికి కోడలుగా వచ్చిన స్త్రీ నల్లగొండ జిల్లాలోనే కదలినది. ఆ ఏడు కోదాడ సూర్యాపేట జిల్లాలో చేరుటతో ఆమెది జిల్లా దాటిన వలస అయినది. మనిషి కదలలేదు, గీత కదలినది! అందుచేత రెండు కాలాల పటాలను పోల్చునప్పుడు రెంటికీ ఒకే సరిహద్దులు వాడవలెను.

నాట్లకు వచ్చి కొద్ది వారాలలో తిరిగిపోవు కూలీలు ఇట్టి పట్టికలలో సరిగా కనబడరు. పటంలో బాణం లేనంత మాత్రాన ఆ దారిన ఎవరూ పోలేదని తలచరాదు. వారి పిల్లల చదువునకు, రేషనుకు ఏర్పాట్లు చేయువారు ఈ సంగతి గమనించవలెను.

దీనిని తరగతిలోనే చేసి చూడవచ్చును. ప్రతి విద్యార్థి తన తల్లి పుట్టిన ఊరు, అమ్మమ్మ పుట్టిన ఊరు అడిగి తెలిసికొనవలెను. పేర్లు వ్రాయక ఊళ్లను మాత్రమే పట్టికలో వేసి, మండల పటంపై మనిషికి ఒక మిల్లీమీటరు వెడల్పున బాణాలు గీయవలెను. కొలమానమును పటం మూలన వ్రాయవలెను. రెండు తరాలకు రెండు పటాలు గీచినచో, బాణాలు పొడవైనవో కురుచైనవో పిల్లలే కొలిచి చెప్పగలరు.