గెలుపు విలువ

క్రీడలు ఆడేవారికి శరీర దార్ఢ్యాన్ని, చూసేవారికి మనోల్లాసాన్ని కలిగిస్తాయి. ఈ రెండింటినీ సమృద్ధిగా అందించే క్రీడలలో ఫుట్‌బాల్ ఒకటి. ఒక బంతి, కొంత మైదానం, ఇరువైపులా పదకొండు మంది ఉంటే చాలు, ఆట సాగుతుంది. తొంభై నిమిషాల తరువాత ఆట ముగిసినా, దానిని గురించిన చర్చ అభిమానుల మధ్య అప్పుడే మొదలవుతుంది. తమ జట్టు ఒక్క గోల్ తేడాతో గెలిస్తే ‘గండం గడిచింది’ అని తృప్తిపడే అభిమానులు, నాలుగైదు గోల్స్ తేడాతో గెలిస్తే ఆ విజయాన్ని రోజుల తరబడి తలపోసుకుంటారు. అది తమ జట్టు సామర్థ్యం వలన లభించినదా, ప్రత్యర్థి బలహీనత వలన సంక్రమించినదా, లేక ఆనాటి అదృష్టమా అని తర్కించుకుంటారు. ఈ తర్కంలోనే అభిమాని వివేకం బయటపడుతుంది. గెలుపును కొలవడానికి గోల్స్ సంఖ్య ఎంతవరకు పనికివస్తుందో తెలుసుకోవడానికి హైదరాబాదు నగరపు ఫుట్‌బాల్ చరిత్ర చక్కని ఉదాహరణ.

ఇండియన్ సూపర్ లీగ్‌లో పాల్గొనడానికి 2019లో హైదరాబాద్ ఎఫ్‌.సి. అనే జట్టు ఏర్పడింది. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి క్రీడామైదానం దానికి సొంత మైదానమైంది. అదే సంవత్సరం అక్టోబరులో కోల్‌కతాలో ఆడిన తొలి పోటీలోనే ఆ జట్టు 0–5 తేడాతో ఓడిపోయింది. నవంబరు 2న గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌ను 2–1తో ఓడించి అభిమానులకు ఆశ కల్పించినా, ఆ ఆశ నిలువలేదు. వరుస ఓటముల తరువాత ఆ జట్టు 18 పోటీలలో 10 పాయింట్లు మాత్రమే సంపాదించి పట్టికలో చిట్టచివరి స్థానంలో నిలిచింది.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. చిట్టచివరి స్థానంలో ఉన్న ఆ జట్టే 2020 ఫిబ్రవరిలో తన ఆఖరి పోటీలో నార్త్‌ఈస్ట్ యునైటెడ్ జట్టును 5–1తో ఓడించింది. ఆ తరువాత 2021 డిసెంబరు 13న అదే ప్రత్యర్థిపై అదే 5–1 తేడాతో మరొకసారి గెలిచింది. అంకెలను మాత్రమే చూసేవారికి ఈ రెండు విజయాలు సమానంగానే కనిపిస్తాయి. కాని వాటి అర్థాలు వేరు. మొదటిది పోగొట్టుకోవడానికి ఏమీ మిగలని జట్టుకు ఆఖరి రోజున దొరికిన ఊరట. రెండవది క్రమంగా బలపడుతున్న జట్టు తన శక్తిని చాటిన సందర్భం. మొదటి గెలుపు తరువాత అభిమానులు ‘ఇదే ఆట ముందు నుండి ఆడి ఉంటే’ అని విచారించవలసి వచ్చింది. రెండవ గెలుపు తరువాత ‘ఇక ముందు ఏమి సాధించగలరో’ అని ఎదురుచూడగలిగారు.

ఈ రెండు విజయాల నడుమ జరిగిన మార్పు ఒక్క రోజులో వచ్చినది కాదు. 2020లో స్పెయిన్ దేశీయుడైన మనోలో మార్కెజ్ జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి యువకులకు ఆయన వరుసగా అవకాశాలు ఇచ్చాడు. 2020–21లో జట్టు అయిదవ స్థానానికి ఎగబాకింది. 2021–22లో ఘనవిజయాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. డిసెంబరు 28న ఒడిశా ఎఫ్‌.సి.పై 6–1తోను, 2022 జనవరి 31న నార్త్‌ఈస్ట్‌పై 5–0తోను జట్టు గెలిచింది. లీగ్ దశలో 20 పోటీలలో 43 గోల్స్ చేసి, 38 పాయింట్లతో రెండవ స్థానం పొందింది. నైజీరియా దేశీయుడైన బార్తలోమ్యూ ఒగ్బెచే ఆ సంవత్సరం 18 గోల్స్‌తో లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు.

ఒక్కసారి పెద్ద తేడాతో గెలిస్తే దానిని ఆనాటి అదృష్టంగా భావించవచ్చు. వేర్వేరు ప్రత్యర్థులపై, వేర్వేరు రోజులలో అటువంటి గెలుపే పదేపదే లభిస్తే దాని వెనుక సాధన ఉన్నదని గ్రహించాలి. వివేకం గల అభిమాని గోల్స్‌ను లెక్కించడంతో ఆగడు. బంతిని ప్రత్యర్థి నుండి ఎక్కడ చేజిక్కించుకున్నారు, ఎందరు ఆటగాళ్ళు కలిసి ఆ గోల్‌కు దారి చేశారు, ముందంజలో ఉన్నప్పుడు కూడా క్రమశిక్షణ సడలకుండా ఆడారా లేదా అని పరిశీలిస్తాడు. గెలిచిన రోజున కూడా జట్టు లోపాలను గుర్తించగలగడం నిజమైన అభిమానానికి లక్షణం.

కరోనా వ్యాధి కారణంగా ఆ సంవత్సరపు పోటీలన్నీ గోవాలోనే జరిగాయి. అందువలన ఈ ఘనవిజయాలను హైదరాబాదు అభిమానులు తమ మైదానంలో చూడలేకపోయారు. ఇళ్ళలో టెలివిజన్ల ముందు కూర్చునే చప్పట్లు కొట్టవలసి వచ్చింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానంలో జరిగిన తుది పోటీకి మాత్రం ప్రేక్షకులను అనుమతించారు. ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. 68వ నిమిషంలో కేరళ జట్టు గోల్ చేసింది. ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు, 88వ నిమిషంలో సాహిల్ తవోరా దానిని సమం చేశాడు. చివరకు పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని అడ్డుకోగా, 3–1తో కప్పు హైదరాబాద్ జట్టుకు దక్కింది. ఆరు గోల్స్ చేసిన పోటీ ఆ జట్టుకు లీగ్ పట్టికలో మూడు పాయింట్లనే ఇచ్చింది. కప్పును మాత్రం సమానమైన ఆట తరువాత ఒక గోల్‌కీపర్ చేతులు నిలబెట్టాయి. విజయపు పరిమాణం వేరు, దాని విలువ వేరు అనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఫుట్‌బాల్ వైభవం హైదరాబాదుకు కొత్త కాదు. ఈ నగరంలో ఆ ఆటను ఎరిగిన పెద్దల మాటలలో తప్పక వినిపించే పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకుంది. ఆటగాడు బంతిని ఎక్కువసేపు తన కాళ్ళ వద్దనే ఉంచుకోరాదని, ఒక్క స్పర్శతో తోటివానికి అందించాలని ఆయన బోధించేవాడు. అందుకోసం బంతితో ఒంటరిగా పరుగెత్తడాన్ని నిషేధించే పోటీలను, ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడవలసిన పోటీలను నిర్వహించాడు. ఆడుకుంటూనే నేర్చుకునే ఈ పద్ధతిలో ఒక ఉపాధ్యాయుని నేర్పు కనిపిస్తుంది.

రహీం భారత జట్టుకు కూడా శిక్షకుడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత జట్టు 1–10 తేడాతో ఘోరంగా ఓడిపోయింది. మన ఆటగాళ్ళలో పలువురు అప్పటికి ఇంకా వట్టి కాళ్ళతోనే ఆడేవారు. అంతటి పరాజయం తరువాత నిరాశపడి ఊరుకుంటే కథ అక్కడితో ముగిసేది. రహీం మాత్రం ఓటమిని పాఠంగా స్వీకరించాడు. బూట్లతో ఆడడం తప్పనిసరి అయింది. ఆటగాళ్ళను మైదానంలో నిలిపే పద్ధతి కూడా మారింది. 1956 డిసెంబరు 1న మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను భారత జట్టు 4–2తో ఓడించింది. బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఆ జట్టులో సికింద్రాబాదు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్‌తో పాటు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ మొదలైన హైదరాబాదు ఆటగాళ్ళు ఉన్నారు. తరువాతి పోటీలో యుగోస్లావియా చేతిలో మళ్ళీ ఓటమి తప్పకపోయినా, ఈసారి తేడా 1–4 మాత్రమే. భారతదేశం నాలుగవ స్థానంలో నిలిచింది.

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో దక్షిణ కొరియా తొలి పోటీలో భారత్‌ను 2–0తో ఓడించింది. తుది పోటీలో మళ్ళీ ఆ జట్టే ఎదురైంది. తలకు గాయమైన జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో ఆడించాడు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ చేయగా భారత్ 2–1తో స్వర్ణ పతకం సాధించింది. క్యాన్సర్ వ్యాధితో బాధపడుతూ జట్టును నడిపిన రహీం 1963 జూన్ 11న కన్నుమూశాడు. తేడా ఒక్క గోలే అయినా, అరవై ఏళ్ళు గడిచిన తరువాత కూడా దేశం ఆ గెలుపును తలచుకుంటూనే ఉంది. రహీం జీవితం ఆధారంగా 2024లో ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వెలువడింది.

ఈ రెండు కాలాల విజయాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక భేదం స్పష్టమవుతుంది. రహీం కాలపు జట్టు హైదరాబాదు వీధులలో, మైదానాలలో పెరిగిన ఆటగాళ్ళ బలంతో నిలబడింది. 2022 నాటి జట్టుకు పేరు హైదరాబాదుదే అయినా, దాని బలం ఇతర రాష్ట్రాల నుండి, ఇతర దేశాల నుండి వచ్చిన ఆటగాళ్ళది. తుది పోటీలో జట్టును కాపాడిన తవోరా, కట్టిమణి ఇద్దరూ గోవా వారు. ఇందులో తప్పు లేదు. నేటి వృత్తి క్రీడలలో ఆటగాడు ఎక్కడి నుండి ఎక్కడికైనా వెళ్ళవచ్చు. అయితే కొనితెచ్చుకున్న బలం డబ్బు ఉన్నంతకాలమే నిలుస్తుంది. ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టగా పేరుపొందిన ఆటగాళ్ళు ఒక్కొక్కరుగా జట్టును విడిచిపోయారు. 2023–24లో ఆ జట్టు కేవలం 8 పాయింట్లతో మళ్ళీ చివరి స్థానానికి జారింది. 2025లో యాజమాన్యం దానిని ఢిల్లీకి తరలించి, ‘స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ’ అని పేరు కూడా మార్చింది.

జట్టే ఊరు విడిచిపోయినప్పుడు దాని గెలుపు ఎవరిది? అభిమానుల ఎదుట నిలిచిన ఈ ప్రశ్న తేలికైనది కాదు. కప్పు యాజమాన్యానికి చెందవచ్చు, పేరును కాగితం మీద మార్చవచ్చు. కాని 6–1 నాటి ఆనందం, 88వ నిమిషం నాటి ఉత్కంఠ ఆ ఆటను చూసినవారివి. వాటిని ఎవరూ తరలించలేరు. అయినా జ్ఞాపకం ఒక్కటే ఊరికి ఆటను మిగల్చదు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలుచుకుంది. ఆ తరువాత ఆ కప్పు తెలుగునేలకు తిరిగి రాలేదు. 2024 డిసెంబరు 31న ఆ ట్రోఫీ తుది పోటీ గచ్చిబౌలిలోనే జరిగింది. అందులో తలపడినవి పశ్చిమ బెంగాల్, కేరళ జట్లు. ఒకప్పుడు ఆటగాళ్ళను దేశానికి అందించిన నగరం ఆనాడు అతిథులకు మైదానాన్ని అందించింది.

కనుక ఘనవిజయాన్ని తలపోసుకునే అభిమాని ‘ఎన్ని గోల్స్’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టి ‘ఎవరి వలన’, ‘ఏ సాధన వలన’ అన్న ప్రశ్నల మీదుగా ‘మళ్ళీ ఎలా’ అన్న ప్రశ్నకు చేరుకోవాలి. ఆ చివరి ప్రశ్నకు సమాధానం నగరంలోని పెద్ద మైదానంలో మాత్రమే దొరకదు. హైదరాబాదుకు వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, రాజన్న సిరిసిల్ల జిల్లాలో గంభీరావుపేట ఉంది. అక్కడ 2023లో శిశుతరగతుల నుండి కళాశాల వరకు ఒకే ప్రాంగణంలో చదువుకునే ఏర్పాటు ఆరంభమైంది. ఇటువంటి ప్రాంగణాలు ఆటకు కూడా అనువైనవి. ఆరేళ్ళ వయస్సులో బంతిని తన్నడం మొదలుపెట్టిన పిల్లవాడు గాని, పిల్ల గాని పద్దెనిమిదేళ్ళ వరకు అదే నేల మీద సాధన కొనసాగించవచ్చు. రహీం వంటి ఉపాధ్యాయుడు ఒక్కడు తోడైతే బలహీనమైన కాలు కూడా బలమైనది అవుతుంది.

గెలిచిన రోజున ఆనందించడం అభిమాని హక్కు. ఆ గెలుపు ఎలా సిద్ధించిందో తెలుసుకోవడం అతని బాధ్యత. ఈ రెండూ తెలిసిన అభిమానులు ఉన్న ఊరిలో మైదానాలు నిలుస్తాయి. మైదానాలు నిలిచిన ఊరికి, ఆలస్యంగానైనా, తన పిల్లలు సాధించిన గెలుపును చూసుకునే రోజు వస్తుంది.